నడిపించే వరకే

కళ్ళద్దాల షాపులో పనిచేసే ఆమెను ఆ వీధంతా అద్దాలమ్మ అనే పిలిచేది. యాభై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. ఫ్రేములు సరిచేయడం, లెన్సులు బిగించడం, చెవి వెనక ఒరుసుకుపోతోందని వచ్చినవాళ్ళకి కాడల్ని వేడి చేసి వంచి ఇవ్వడం ఆమె పని. ఆ షాపుకి వారం వారం ఒక ముసలాయన వచ్చేవాడు. స్క్రూ వదులైందనేవాడు. ఆమె బిగిస్తున్నంతసేపూ కుర్చీలో కూర్చుని తన మోకాళ్ళ గురించీ పక్కింటి కుక్క గురించీ చెప్పి, మళ్ళీ వదులవుతుందేమో అంటూ లేచేవాడు. కొన్నాళ్ళకి ఆమె స్క్రూ తల మీద కొత్త గీతలు గమనించింది. ఆయనే ఇంట్లో చాకు మొనతో తిప్పి వదులు చేసుకుని వస్తున్నాడు. ఆ సంగతి ఆమె పైకి అనలేదు. తర్వాత ఒక వారం ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు. వెళ్ళి చూద్దామంటే ఇల్లెక్కడో తెలియదు.

అది మనసులో ముల్లులా ఉండిపోయింది. ఒక సెలవు రోజున ఆమె లైబ్రరీ వెనక గదిలోకి వెళ్ళి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి సాయం చేసే బృందంలో చేరింది. బృందాన్ని నడిపేది ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. రిటైరయ్యాడే గాని మెడలో విజిల్ తాడు మాత్రం తీయలేదు.

“మూడే మాటలమ్మా,” అన్నాడాయన నిటారుగా కూర్చుని. “చెప్పిన పనే చెయ్యాలి. చెప్పిన రోజున తప్పకుండా వెళ్ళాలి. వాళ్ళ సంసారాల్లో వేలు పెట్టకూడదు. మూడోదే కష్టం. మొదటి రెండూ అందరూ చేస్తారు.”

“నాకు నా సంసారమే లేదు మాస్టారూ. ఇంకొకళ్ళ సంసారంతో నాకేం పని?” అని నవ్వింది అద్దాలమ్మ.

ఆయన ఆమెకి ఒక అపార్టుమెంటు అడ్రసు చెప్పాడు. మూడో అంతస్తు. ఒక పెద్దావిడ బాత్రూంలో జారిపడింది, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని నడవాలి. పగలు పనిమనిషి వచ్చి వంట చేసి వెళ్తుంది గాని, పక్కన నిలబడి నడిపించేవాళ్ళు లేరు. “మనిషి కొంచెం ముక్కుసూటి. పుల్లవిరుపుగా మాట్లాడితే పట్టించుకోకు,” అని కూడా చెప్పాడు.

ఆమె వెళ్ళి బెల్లు కొట్టింది. లోపల నుంచి టకటకమని వాకర్ చప్పుడు, మధ్యలో ఆయాసం. తలుపు తెరుచుకుంది.

ఎదురుగా నిలబడింది ఆమె ఒకప్పటి అత్తగారు.

అద్దాలమ్మ ఆ ఇంటి కోడలిగా ఉండి బయటికి వచ్చేసి పుష్కరం దాటింది. అప్పుడు వాళ్ళది ఊరికి ఆ చివర, గేటూ చిన్న ముంగిలీ ఉన్న ఇల్లు. అది అమ్మేసి ఇటు వచ్చారని ఆమెకి తెలియదు. పెద్దావిడ జుట్టు ముగ్గుబుట్టయింది, భుజాలు కుంచించుకుపోయాయి. చూపు మాత్రం అప్పటిదే.

“నువ్వా!” అంది పెద్దావిడ.

“నేనే.”

“వాలంటీరు వస్తారన్నారు.”

“ఆ వాలంటీర్ని నేనే.”

“నేను నిన్ను అడగలేదు.”

“నేనూ ఈ ఇల్లు అడగలేదు. అడ్రసిచ్చారు, వచ్చాను.”

పెద్దావిడ వాకర్‌ని గట్టిగా పట్టుకుంది. “లోపలికి రా. తలుపు ఇలా తీసి ఉంచితే పై వాళ్ళ పిల్లి దూరుతుంది,” అని వెనక్కి తిరిగే ప్రయత్నం చేసింది. తిరగడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

హాల్లో నుంచే అద్దాలమ్మ డ్రిల్లు మాస్టారుకి ఫోన్ చేసి, తన బదులు ఇంకెవరినైనా పంపమంది. కారణం చెప్పలేదు. పెద్దావిడ కుర్చీలో కూర్చుని మూతి ముడుచుకుని వింటోంది.

“ఎవరూ లేరమ్మా. నెలాఖరు దాకా ఒక్కళ్ళూ ఖాళీ లేరు,” అన్నాడాయన. “ఫిజియో డాక్టరు ఏమన్నాడో చెప్పనా? ఇప్పుడు నడిచిందా, నడిచింది. ఇప్పుడు మంచం పట్టిందా, ఇక లేవదు. నీ ఇష్టం.”

ఫోన్లో ఆయన గొంతు పెద్దది. పెద్దావిడకి అంతా వినిపించింది.

“సరే,” అంది ఆవిడ గోడకేసి చూస్తూ. “నడిపించే వరకే. మాటలొద్దు.”

“నాకూ అదే కావాలి,” అంది అద్దాలమ్మ.

అలా మొదలైంది. వారానికి మూడు సాయంత్రాలు షాపు నుంచి నేరుగా ఆమె అక్కడికి వెళ్ళేది. ఫ్లాట్ తలుపు దగ్గర నుంచి లిఫ్టు దాకా పొడుగాటి వరండా. అటు ఒకసారి, ఇటు ఒకసారి. పెద్దావిడ ముందు, ఆమె అర అడుగు వెనక, ఆవిడ నడుం దగ్గర చెయ్యి తగిలీ తగలనట్టు పెట్టుకుని. ఇద్దరూ మాట్లాడుకోకూడదన్నది ఒప్పందం కాబట్టి వాకర్ ఒక్కటే మాట్లాడేది.

నడక నేర్పడం నోరు మూసుకుని చేసే పని కాదని రెండో రోజే తెలిసింది.

“ఎడమ కాలు ముందు.”

“ఎడమ ఏదో నాకు తెలుసు.”

“తెలిస్తే కుడి వేశారెందుకు?”

“నువ్వు వెనక నుంచి ఊపిరి వదులుతుంటే కంగారు పుట్టి.”

ఇలాంటి మాటలు లెక్కలోకి రావని ఇద్దరూ ఎవరికి వారు అనుకున్నారు. అద్దాలమ్మకి పెద్ద చిక్కు మరొకటి. ఆవిడని ఏమని పిలవాలి? అత్తయ్యా అనడానికి నోరు రాదు. అండీ అంటే ఎవరో పరాయి మనిషిని అన్నట్టుంటుంది, ఆ చేతి వంట తొమ్మిదేళ్ళు తిన్నాక అది కూడా ఎబ్బెట్టే. అందుకని పిలుపే లేకుండా వాక్యాలు కట్టుకోవడం అలవాటు చేసుకుంది. పెద్దావిడ కూడా తక్కువ తినలేదు. ఆవిడకి ఆమె ‘ఇదిగో’.

కాపురం విడిపోవడానికి చెప్పుకోదగ్గ కారణం కూడా లేదు. ఆమె భర్త తాగుబోతూ కాదు, కొట్టే మనిషీ కాదు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సయించకుండా పోయింది. ముందు అలకలు, తర్వాత మౌనాలు, చివరికి ఒకే ఇంట్లో రెండు వంటగిన్నెలు. అత్తగారు మొదట్లో ఇద్దరికీ నచ్చజెప్పి చూసింది. తర్వాత విసిగి కొడుకు వైపు తిరిగిపోయింది. పెట్టె పట్టుకుని ఆమె మెట్లు దిగుతున్న రోజున ఆవిడ గుమ్మంలో నిలబడి ఒకే ఒక్క మాట అంది: “వెళ్ళేదానివి గేటు వేసి వెళ్ళు.” భర్త అన్నవన్నీ ఆమె ఎప్పుడో మర్చిపోయింది. ఆ ఒక్కటీ మర్చిపోలేదు.

అందుకే ఆవిడ మొహం వైపు చూసేది కాదు. ఎంతసేపూ కాళ్ళ వైపే. పాదం ఎలా పడుతోంది, మడమ ఎప్పుడు లేస్తోంది, వాకర్ కాళ్ళ రబ్బరు తొడుగు ఎక్కడ అరిగింది, ఇదే చూపు.

ఒకరోజు రెండు విడతలు నడిచాక కూడా పెద్దావిడ, “ఇంకోసారి,” అంది.

“ఈ పూటకి చాలు. కాళ్ళు వణుకుతున్నాయి.”

“వణికితే వణకనీ. ఇంకోసారి.”

“అంత తొందరేం వచ్చింది?”

పెద్దావిడ లిఫ్టు పక్క గోడకి ఆనుకుంది. ఒప్పందం ఆవిడే తెంపింది. “వాడు నన్ను వృద్ధుల హోములో పెడతానంటున్నాడు. వాడి ఊళ్ళోనే. మంచం కూడా మాట్లాడేశాడట. వచ్చే నెల ఆరోగ్య కేంద్రం నుంచి నర్సొచ్చి చూస్తుంది. ఒంటరిగా ఉండగలదంటే సరి, లేదంటే మూటాముల్లె సర్దడమే.” కాసేపు ఊపిరి తీసుకుంది. “వాడి తప్పు కూడా కాదులే. పవర్ హౌసులో షిఫ్టులు, రెండో సంసారం, చిన్నపిల్లలు. ఆదివారాలు పడుతూ లేస్తూ వస్తాడు. కానీ నాకు ఆ హోములో మంచం వద్దు. నా వంటగదిలో నా టీ నేను పెట్టుకుని తాగాలి. అంతే.”

అద్దాలమ్మ వాకర్ ఆవిడ చేతులకి అందించింది. “ఇంకోసారి,” అంది.

ఆ తర్వాత నడక జోరందుకుంది. వరండా అయ్యాక వంటగది, వంటగది అయ్యాక బాత్రూం. వారానికి మూడు సాయంత్రాలు కాస్తా నాలుగయ్యాయి. డ్రిల్లు మాస్టారు అడిగితే, దారిలోనే కదా అని సర్దిచెప్పింది. అది దారిలో లేదు.

ఒక గురువారం సాయంత్రం లిఫ్టు దగ్గర వెనక్కి తిరుగుతుండగా పెద్దావిడ అడుగు గాల్లో పడింది. మెట్టు లేని చోట మెట్టు ఉందనుకున్నట్టు పాదం తటపటాయించి, ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగిపోయింది. వాకర్ దబ్బున పడింది. అద్దాలమ్మ రెండు చేతులా ఆవిడ నడుం చుట్టి, తన వీపు గోడకేసి కొట్టుకుని, అలాగే బిగించి పట్టుకుంది. ఇద్దరూ ఒకరి గుండె చప్పుడు ఒకరికి వినిపించేటంత దగ్గరగా నిలబడిపోయారు.

అప్పుడే, ఆ మొదటి రోజు తర్వాత మళ్ళీ, ఆమె ఆవిడ మొహాన్ని తిన్నగా చూసింది. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. పైన దూరపు చూపుకి, కింద చదువుకోవడానికి ఉండే రెండు చూపుల అద్దాలు. ఆవిడ నేల చూస్తున్నదంతా కింది ముక్కలోంచి. ఆ ముక్కలోంచి చూస్తే పుస్తకం బాగా కనిపిస్తుంది గాని, నేల మసకబారి మీదికి లేచి వచ్చినట్టుంటుంది.

అద్దాలమ్మకి తల కొట్టేసినట్టయింది. షాపుకి వచ్చే ప్రతివాళ్ళకీ తను నోరు నొప్పి పుట్టేలా చెప్పే మాటే ఇది. ఇక్కడ ఇన్ని వారాలు పక్కనే నడిచి, మొహం చూడనన్న పంతంతో ఆ సంగతే చూడలేదు.

“ఈ అద్దాలు నడకకి పనికిరావు,” అంది రొప్పుతూ. “ఉత్త దూరపు చూపువి వేరే ఉండాలి.”

“ఇన్నేళ్ళుగా ఇవే పెట్టుకుని ఊరంతా తిరిగాను.”

“అప్పుడు నేల చూసుకుంటూ నడిచే అవసరం లేదుగా.”

“ముందు ఆ వాకర్ తియ్యి.” పెద్దావిడ జుట్టు సరిచేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా, “ఇదిగో, పడబోయానని ఎవరికీ చెప్పకు. వాడికి అసలే చెప్పకు,” అంది.

ఆమె అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పెద్దావిడ దాన్ని ఒప్పుకోలు కింద తీసుకుంది.

మర్నాడు కొడుకు చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు. లిఫ్టు తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి ఎదురుగా తల్లి నడుస్తోంది, పక్కన మాజీ భార్య. అతని జుట్టంతా వెళ్ళిపోయి తండ్రి పోలిక బయటపడింది. చేతిలో పళ్ళ సంచి పట్టుకుని ఎటు చూడాలో తెలియనట్టు నిలబడ్డాడు.

“నువ్వు... ఇక్కడ...”

“వాలంటీర్ని,” అంది అద్దాలమ్మ.

“అమ్మ చెప్పలేదు.”

“చెప్పడానికేముందిరా? నడిపించడానికి వచ్చే మనిషి,” అంది తల్లి. “చూశావుగా, లిఫ్టు దాకా వచ్చాను. ఇక ఆ మంచం సంగతి వదిలెయ్.”

లోపలికి వెళ్ళి కూర్చున్నాక వాదన మొదలైంది. అతను గొంతు పెంచలేదు. “అమ్మా, ఫోను మోగితే చాలు నా గుండె ఆగిపోతోంది. డ్యూటీలో ఉంటే రెండు గంటల దారి. నువ్వు బాత్రూంలో పడి రాత్రంతా అలాగే ఉన్నావు మొన్న. మళ్ళీ అలా జరిగితే?”

“జరగదు. నడుస్తున్నాను కదా.”

“నువ్వెప్పుడూ ఇలాగే అంటావు.”

“అయితే దాన్నడుగు!” పెద్దావిడ చెయ్యి చాపి అద్దాలమ్మని చూపించింది. “దానికి నా మీద ప్రేమేం కారిపోవట్లేదు. ఉన్నదున్నట్టు చెబుతుంది. చెప్పవే, నేను నడుస్తున్నానా లేదా?”

మాస్టారు చెప్పిన మూడో మాట గుర్తొచ్చింది. సంచి తీసుకుని లేచిపోదామనుకుంది. కానీ ఇద్దరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. నడుస్తున్నారని ఒక్క మాట అనేస్తే పెద్దావిడ పని అయిపోతుంది. తను లేని రోజున ఆ లిఫ్టు దగ్గరే తిరుగుతూ అడుగు తప్పితే?

“నడుస్తున్నారు,” అంది. “వరండా అంతా సాయం లేకుండా నడుస్తారు. స్టవ్ దగ్గర నిలబడి టీ పెట్టుకుంటారు. కానీ నిన్న తిరిగేటప్పుడు పడబోయారు. నేను పట్టుకోకపోతే పడేవారే. కాళ్ళ లోపం కాదు, కళ్ళద్దాలు. అవి మార్చాలి. బాత్రూంలో గోడకి కడ్డీలు బిగించాలి. రాత్రిపూట ఎవరైనా తోడుండాలి. ఇవి చేస్తే ఇక్కడే ఉండొచ్చని నాకనిపిస్తోంది. చెయ్యకపోతే నేను చెప్పలేను.”

పెద్దావిడ మొహం నల్లబడింది. “ఇన్నేళ్ళు ఆగి కక్ష తీర్చుకున్నావు,” అంది నెమ్మదిగా. “వెళ్ళు.”

ఆమె వెళ్ళిపోయింది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగింది.

మర్నాడు డ్రిల్లు మాస్టారు షాపుకే వచ్చాడు. ఇక ఆమెని పంపొద్దని పెద్దావిడ ఫోన్ చేసిందట. అప్పుడు అద్దాలమ్మ మొదటి నుంచీ అంతా చెప్పింది. ఆయన విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ విన్నాడు.

“అత్తగారని ముందే చెప్పొద్దూ?”

“మాజీ.”

“మాజీనో తాజానో. చెబితే నేనే వెళ్ళి నడిపించేవాణ్ణి కదా.” నిట్టూర్చాడు. “నువ్వన్నదాంట్లో తప్పు లేదు. కాకపోతే, ఇంకోసారి నిజం చెప్పాలనిపిస్తే ముందు నాకు చెప్పు. మిగతావాళ్ళకి మెల్లిగా చెబుదాం.”

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ వారం సాయంత్రాలు షాపు మూశాక ఏం చెయ్యాలో తోచలేదు. కాళ్ళు వాటంతటవే ఆ అపార్టుమెంటు వైపు తిరిగేవి. సందు మొగ వరకూ వెళ్ళి, మొహం చెల్లక వెనక్కి వచ్చేసేది.

తర్వాతి వారం మధ్యాహ్నం షాపు ముందు టాక్సీ ఆగింది. ముందు వాకర్ దిగింది, దాని వెనక పెద్దావిడ. కొడుకు చెయ్యి అందించబోతే విదిలించుకుంది. షాపుకి ఒకే మెట్టు. ఆ మెట్టు దగ్గర ఆగి, కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని, తల వంచి చూసుకుని, మంచి కాలు ముందు వేసి ఎక్కింది. కొడుకు బయటే ఆగిపోయాడు.

“దూరపు చూపు అద్దాలు కావాలి,” అంది పెద్దావిడ, అద్దాలమ్మకి కాదు, కౌంటర్‌కి చెబుతున్నట్టు.

“కూర్చోండి.”

కంటి డాక్టరు చీటీ కూడా తెచ్చుకుంది. అద్దాలమ్మ ఫ్రేములు నాలుగు తెచ్చి పెట్టింది. మూడింటిని ముసలమ్మల ఫ్రేములని పక్కకి తోసేసి ఆవిడ నాలుగోది పెట్టుకుంది. ఇక కొలత తీయాలి. రెండు కంటిపాపల మధ్య దూరం. దానికి చిన్న స్కేలు పట్టుకుని ఎదురుగా, ముక్కూ ముక్కూ తగిలేటంత దగ్గరగా కూర్చోవాలి. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవాలి.

“నా ఎడమ కంట్లోకి చూడండి.”

పెద్దావిడ చూసింది. “నడుస్తున్నానని నేను మొత్తుకుంటే వాడు నమ్మలేదు,” అంది. “పడబోయానని నువ్వు చెప్పాక, నడుస్తున్నానన్నది కూడా నమ్మాడు. ఇదెక్కడి న్యాయమో నాకర్థం కాలేదు.”

“కదలకండి.”

“బాత్రూంలో కడ్డీలు కూడా బిగించాడు.” చూపు మాత్రం తిప్పలేదు. “ఆ రోజు నిన్ను గేటు వేసి వెళ్ళమన్నాను.”

స్కేలు పట్టుకున్న చెయ్యి ఆగింది. “వేశాను.”

“తెలుసు. గడియ చప్పుడు విన్నాను. నువ్వు వెయ్యకుండా నిలబడతావేమో, అప్పుడు లోపలికి రమ్మందామని చూస్తున్నాను. నువ్వు నీటుగా వేసి వెళ్ళిపోయావు.”

“వెయ్యమంటే వెయ్యనా మరి?”

“అదే నీతో వచ్చిన బాధ. చెప్పింది చెప్పినట్టు చేస్తావు.” ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెప్పలు ఆడించకుండా ఆపుకుంటోంది, కొలత కోసం. “ఇంకోటి. ఇన్ని వారాలుగా చూస్తున్నాను, నన్ను ఏమనీ పిలవట్లేదు నువ్వు. ఇంట్లో ఆ వాకర్‌కైనా ఒక పేరుంది.”

“ఏమనాలో తెలియలేదు.”

“ఏదో ఒకటి అను.”

అద్దాలమ్మ స్కేలు మళ్ళీ ఎత్తింది. “గడ్డం కాస్త పైకెత్తండి అత్తయ్యా. కళ్ళు తుడుచుకోండి, మళ్ళీ మొదట్నుంచి తీద్దాం.”

నర్సు వచ్చిన రోజున అద్దాలమ్మ అక్కడ లేదు, షాపులో ఉంది. సంగతంతా తర్వాత తెలిసింది. పెద్దావిడ కొత్త అద్దాలతో లిఫ్టు దాకా వెళ్ళి, తిరిగి, వచ్చి, టీ పెట్టి నర్సుకి ఇచ్చింది. సాసర్లో కొంచెం ఒలికింది. నర్సు ఇప్పటికి ఇక్కడే ఉండొచ్చనీ, ఆరు నెలలయ్యాక మళ్ళీ వచ్చి చూస్తాననీ చెప్పింది. కొడుకు హోములో మంచాన్ని రద్దు చెయ్యలేదు, వాయిదా వేశాడు. కింది అంతస్తులో ఉండే టైలరు చెల్లెలు రాత్రిళ్ళు వచ్చి హాల్లో పడుకునేలా మాట్లాడుకున్నారు. ఆవిడ గురక భరించలేకపోతున్నానని పెద్దావిడ రెండో రోజు నుంచే ఫిర్యాదు మొదలుపెట్టింది.

నడక కుదుటపడ్డాక డ్రిల్లు మాస్టారు అద్దాలమ్మకి మరో ఇల్లు అప్పగించాడు. ఒకప్పుడు లారీలు నడిపిన ముసలాయన, ఒక కాలు పడిపోయింది. రెండు సాయంత్రాలు అక్కడికి వెళ్ళొచ్చాక, ఆ సంగతి చెప్పడానికి ఆదివారం ఆమె పెద్దావిడ దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడు ఏ పనీ అప్పగించని రోజున వెళ్తోంది కాబట్టి బిస్కెట్ల పొట్లం కూడా పట్టుకెళ్ళింది.

“అంటే ఇక రావన్నమాట,” అంది పెద్దావిడ.

“సాయంత్రాలు కుదరదు అత్తయ్యా. ఆదివారాలు వస్తాను.”

“ఆయన నడుస్తున్నాడా?”

“మాటలెక్కువ, నడక తక్కువ. నాలుగడుగులు వేసి లారీ కథలు మొదలుపెడతాడు. ఎంత చెప్పినా లేవడు.”

పెద్దావిడ బిస్కెట్ టీలో ముంచి ఆలోచించింది. “ఇల్లెంత దూరం?”

“రెండు వీధులవతల.”

“లిఫ్టుందా?”

“కింది వాటానే.”

“అయితే నన్ను తీసుకెళ్ళు. నేను చెబితే ఎలా లేవడో చూస్తాను,” అంటూ ఆవిడ వాకర్ దగ్గరికి లాక్కుంది. “చెప్పులెక్కడున్నాయో చూడు.”

అద్దాలమ్మ మంచం కింద నుంచి చెప్పులు తీసి ఆవిడ కాళ్ళ ముందు పెట్టింది.